నాలుగు కొట్ల దారి

మే 6

ఒరేయ్ లారీ దొరా,

నీ ఉత్తరం అందింది. సగం ఉత్తరం, సగం డీజిల్ మరక. చదివేముందు ఎండలో ఆరబెట్టాల్సి వచ్చింది.

మేమిద్దరం బాగున్నాం. మీ బావ పొద్దంతా గడియారాల కొట్లో కంటికి భూతద్దం తగిలించుకుని కూర్చుంటారు. ఇంటికొచ్చాక కూడా ఆ కన్ను సగం మూసే ఉంటుంది. నా మెస్ కూడా నడుస్తోంది. అట్టపెట్టెల మిల్లు వాళ్ళు తొమ్మిదిమంది రెండు పూటలా మన ఇంట్లోనే తింటున్నారు. మిల్లులో జీతాలు పెరగలేదు, కాబట్టి వాళ్ళ దగ్గర నేనూ నెల డబ్బు పెంచలేను. బయట మాత్రం బియ్యం దగ్గర్నుంచి అగ్గిపెట్టె దాకా ప్రతిదీ పైకే పోతోంది. ఏం చెయ్యను? కాళ్ళకి పని చెప్పాను.

ఇదివరకు అన్నీ బట్టతలాయన కొట్లోనే కొనేదాన్ని. నీకు గుర్తుండే ఉంటాడు, తూకం వేసేటప్పుడు ఊపిరి బిగబట్టే మనిషి. ఇప్పుడు వీధి మలుపులో ఇద్దరు అన్నదమ్ములు అద్దాల తలుపులు పెట్టి కొత్త కొట్టు తెరిచారు. అక్కడ చక్కెర, సబ్బులు చవక. ఆ చవక చూసి లోపలికి వెళ్తే పప్పుల దగ్గర గుంజేస్తారు. అందుకని పప్పులూ నూనే బట్టతలాయన దగ్గర, చక్కెర అద్దాల కొట్లో, గుడ్లు బస్టాండు గోడవార కూర్చునే గుడ్లావిడ దగ్గర. కొట్టు కట్టేసే వేళకి వెళ్తే చిట్లినవి సగానికే ఇస్తుంది. కూరగాయలకి రైలు పట్టాల అవతలి సంత. నాలుగు చోట్లా తిరిగొచ్చేసరికి భుజాలు ఊడిపోతున్నాయి గానీ, నెలాఖరుకి డబ్బాలో గలగల వినిపిస్తోంది.

మొన్న ఒక సరదా జరిగింది. బట్టతలాయనతో మాటవరసకి, "అద్దాల కొట్లో నూనె కూడా తగ్గించారండీ" అన్నాను. అంతే, ఆయన చేతిలోని తూకపు రాయి బల్ల మీద దిగింది. చెక్క చీలిపోయింది. "ఆ ఇద్దరి పీకలూ పిసికి వాళ్ళ అద్దాలకే వేలాడదీస్తాను" అన్నాడు. అని, అంతకన్నా తక్కువకి పోశాడు! నేను ఊరుకుంటానా? ఆ ధర తీసుకెళ్ళి అద్దాల కొట్లో చెప్పాను. పెద్దవాడు పళ్ళు కొరికి ఇంకాస్త దిగాడు. నెలకి సరిపడా నూనె ఆ ఒక్క మధ్యాహ్నంలో కొనేశాను.

మీ బావకి ఇదంతా గిట్టదు. "ఇద్దరి మధ్యా పుల్లలు పెడుతున్నావు, చూసుకో" అంటారు. ఈ కొట్ల తిరుగుడికి ఏదో ఒక రోజు నన్ను చంపేసేలా ఉన్నారు మీ బావ. నువ్వు నవ్వుకో.

వేళకి తిను. బండి నిద్రమత్తులో తోలకు.

నీ అక్క


మే 17

అక్కా,

ఈ ట్రిప్పు నుంచి నిన్ననే దిగాను. డిపో కిటికీలో నీ ఉత్తరం నాకోసం ఎదురుచూస్తోంది.

ఈసారి గోడౌన్ గేటు దగ్గర ఒకడు నా బండి ముందు తన బండి దూర్చాడు. దిగి అడిగితే చచ్చిపోయిన అమ్మని తిట్టాడు. జాకీ రాడ్డుతో మోకాలి మీద ఒక్కటిచ్చాను. ఎండుకట్టె విరిగిన చప్పుడొచ్చింది. ఆ తర్వాత సరుకు దించేదాకా నా ముందు ఎవడూ బండి పెట్టలేదు. నోటితో చెప్తే వినే రోజులు కావక్కా ఇవి.

నీకు ఒక రహస్యం చెప్తాను. బట్టతలాయన పప్పూ, అద్దాల కొట్టు పప్పూ ఒకే గోడౌన్‌లో ఒకే గుట్ట నుంచి వస్తాయి. బస్తా మీద ముద్ర మార్చి కుడతారు, అంతే తేడా. దింపేది మేమే. అసలు ధర ఉత్తరం వెనక రాశాను. రెండు కొట్లలోనూ నిలబడి గట్టిగా చెప్పు. "మా తమ్ముడు దింపిన బస్తా, నాకా చెప్తారు" అను. వాళ్ళు వాళ్ళు కొట్టుకు చావనీ, మనకేం పోయింది? నీ మెస్‌లో పొయ్యి వెలుగుతుంది.

ఒక్క మాట అడుగుతాను. బావ నిజంగా ఏమైనా అంటున్నాడా? చంపేస్తాడని నువ్వు నవ్వుతూ రాశావు. నాకు నవ్వు రాలేదు. నాన్న కూడా అమ్మ తెచ్చిన సరుకుల సంచి దగ్గరే మొదలుపెట్టేవాడు. చేత్తో ఎత్తి చూసేవాడు. తేలిగ్గా ఉంటే "మిగతాది ఎవడికి పెట్టొచ్చావే" అనేవాడు. తర్వాత అమ్మ తల తలుపుచెక్కకి తగిలే చప్పుడు. నువ్వు నన్ను మంచం కిందికి తోసి నా చెవులు మూసేదానివి. అయినా నాకు వినపడేదక్కా.

ఉన్నదున్నట్టు రాయి.

తమ్ముడు


జూన్ 4

పిచ్చి వెధవా,

మీ బావనీ నాన్ననీ ఒక తక్కెట్లో పెట్టడానికి నీకు మనసెలా వచ్చింది? ఆయన ఎవరి మీదా గొంతు పెంచరు. గడియారాల చప్పుడు మధ్య కూర్చునే మనిషికి గట్టిగా మాట్లాడే అలవాటే పోయింది. ఆ చెత్తంతా బుర్రలోంచి తీసెయ్యి.

నువ్వు రాసిన ధర బ్రహ్మాస్త్రంలా పనిచేసింది. బట్టతలాయనకి చెప్తే ముఖం ఎర్రబడి, కాసేపటికి తెల్లబడింది. "నాకు ఎక్కువకేసి వాళ్ళకి తక్కువకేస్తున్నాడా గోడౌన్ వాడు?" అన్నాడు. అలా కాదని చెప్పబోతే వినలేదు. మర్నాడే పప్పు ధర కొట్టేసి పలక మీద పెద్దక్షరాలతో రాశాడు. అద్దాల కొట్టు వాళ్ళు మధ్యాహ్నానికి అంతకన్నా పెద్ద పలక పెట్టారు. వీధి ఆడవాళ్ళందరం ఈ కొట్టు నుంచి ఆ కొట్టుకి, ఆ కొట్టు నుంచి ఈ కొట్టుకి. నన్నయితే "ధరలమ్మ వచ్చింది" అంటున్నారు.

కానీ తర్వాత జరిగింది బాగాలేదురా. బట్టతలాయన దగ్గర మూటలు మోసే ముసలాయన్ని సందులో ఎవరో పట్టుకుని తన్నారు. పక్కటెముకలు విరిగాయి. ఊపిరి తీసినప్పుడల్లా పిల్లి అరిచినట్టు చప్పుడొస్తోందట. చేసింది అద్దాల కొట్టు వాళ్ళేనని వీధంతా అంటోంది. మరుసటి పొద్దున అద్దాల తలుపులు రెండూ పగిలి ఉన్నాయి. రాళ్ళు కాదు, సోడా సీసాలు. ఆ అన్నదమ్ముల్లో చిన్నవాడికి మెడ మీద కోసుకుపోయి, చొక్కా కాలరు నుంచి నడుం దాకా తడిసిపోయింది. అదే చొక్కాతో కొట్లో నిలబడి చక్కెర తూచాడు, అందరూ చూడాలని. ఆ రోజు కొన్న చక్కెరలో నాకు గాజుపెంకు దొరికింది. మొత్తం పారబోయడానికి చేతులు రాక, రెండుసార్లు జల్లెడ పట్టి, ఆఖరికి భయమేసి పారబోశాను.

ఆ రోజే ఇంటికి రావడం ఆలస్యమైంది. మిల్లు వాళ్ళు విస్తళ్ళ ముందు కూర్చుని ఉన్నారు. మీ బావ గుమ్మంలోనే నిలబడ్డారు. "ఆ కత్తుల మధ్యకి ఎందుకు వెళ్తున్నావు? పావలా మిగుల్చుకోడానికా?" అని, నా చేతిలోని సంచి లాక్కుని విసిరికొట్టారు. గుడ్లు గోడంతా కారాయి! తొమ్మిదిమందీ నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. నేనూ తగ్గలేదులే, ఆ గోడ ఆయన చేతే కడిగించాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తోంది.

నువ్వు జాకీ రాడ్డులు పక్కన పెట్టు. ఎవడి మోకాలో విరిచానని నాకు గొప్పగా రాయకు.

నీ అక్క


జూన్ 15

అక్కా,

గుడ్ల సంగతి నువ్వు నవ్వుతాలుగా రాశావు. అమ్మ కూడా పక్కింటావిడ అడిగితే నవ్వేసేది. దెబ్బ కనపడకుండా జుట్టు ఇటు దువ్వుకుని మరీ నవ్వేది. "మీ నాన్న మంచోడేరా, కోపం వస్తే మనిషి కాడు, అంతే" అనేది.

ఇవాళ సంచి విసిరినవాడు రేపు దేన్ని విసురుతాడో నాకు తెలుసు. నాకు నువ్వొక్కదానివే ఉన్నావు. ఆ రోజుల్లో నేను మంచం కింద ఉన్నాను. ఇప్పుడు మంచం కింద పట్టను.

ఏమన్నా జరిగితే దాచకు.

తమ్ముడు


జూలై 19

తమ్ముడూ,

ఎడమ చేత్తో రాస్తున్నాను. కుడి చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది. కట్టు కట్టారు. ఎలా విరిగిందని మాత్రం అడగకు. నోటితో చెప్పుకునేది కాదు. వీధిలో తలెత్తుకోలేకపోతున్నాను. మీ బావకీ నాకూ మాటలు లేవు. తప్పు నాదే. ఇంక ఆ కొట్లకి వెళ్ళను. వెళ్ళేది లేదు.

అక్షరాలు వంకర పోతున్నాయి. ఉంటాను.

అక్క


జూలై 24

అక్కా,

ఎలా విరిగిందని అడగను. అడగాల్సిన పని లేదు. తప్పు నాదే అని రాశావు చూడు, ఆ ఒక్క మాట చాలు. అమ్మ ఎప్పుడూ చెప్పింది అదే మాట.

వాడితో నువ్వు మాట్లాడొద్దు. వాడికి వండి పెట్టొద్దు. నేను బండి మీద ఎదురు దిక్కుకి వెళ్తున్నాను, ఇప్పుడు వదిలితే ఉద్యోగం పోతుంది, లేకపోతే ఈపాటికి నీ గుమ్మంలో ఉండేవాణ్ణి. మన డిపోలో నాకు తోడబుట్టినవాళ్ళ లాంటి డ్రైవర్లు ఇద్దరున్నారు. ఒకాయనకి పెద్ద మీసాలు, ఇంకొకడు తాటిచెట్టంత పొడుగు. వాళ్ళ బండి మీ ఊరి మీదుగా వెళ్తుంది. ఈ ఉత్తరం వాళ్ళ చేతికే ఇచ్చి పంపుతున్నాను. విషయం అంతా చెప్పాను. వాడు నీ మీద ఏ చెయ్యి ఎత్తాడో ఆ చెయ్యి మళ్ళీ ఎత్తకుండా వాళ్ళు చూసుకుంటారు. నువ్వు అడ్డం వెళ్ళకు. లోపలి గదిలో కూర్చుని తలుపేసుకో.

వాళ్ళు బయల్దేరేటప్పుడు బట్టలు సర్దుకుని వాళ్ళ బండెక్కి నా దగ్గరికి వచ్చెయ్యి.

నీ తమ్ముడు


ఆగస్టు 3

నీకు,

ఈ ఉత్తరం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. పూర్తిగా చదువు. మధ్యలో ఆపకు.

నీ వాళ్ళు వచ్చారు. మధ్యాహ్నం మిల్లు వాళ్ళు తిని వెళ్ళాక తలుపు చప్పుడైంది. "మీ తమ్ముడు పంపాడమ్మా" అన్నాడు మీసాలాయన, ఉత్తరం నా చేతికిస్తూ. నా సంతోషం ఏం చెప్పను. కూర్చోమన్నాను, మంచినీళ్ళిచ్చాను, అన్నం ఉంది తినమన్నాను. "బావగారు లేరా?" అన్నాడు. "పెరట్లో ఉన్నారు, వెళ్ళండి" అన్నాను. నేనే చెప్పాను. నేనే చెయ్యి చూపించాను.

మీ బావ పెరట్లో ఏం చేస్తున్నారో తెలుసా? అంట్లు తోముతున్నారు. నా చెయ్యి విరిగిన రోజు నుంచీ మధ్యాహ్నం కొట్టు మూసి ఇంటికొచ్చి, తొమ్మిదిమంది తిన్న గిన్నెలు ఆయనే తోముతున్నారు.

ఒక్క చేత్తో కవరు చించలేక పళ్ళతో చించాను. "ఏ చెయ్యి ఎత్తాడో" అన్న వాక్యం దగ్గరికి వచ్చేసరికి పెరట్లో గిన్నెలు పడ్డ చప్పుడు వినిపించింది. పరిగెత్తాను. పొడుగాటివాడు ఆయన వీపు మీద కూర్చున్నాడు. మీసాలాయన ఆయన కుడి చేతిని రాతి పలక మీద పరిచి పట్టుకుని, తోమిన ఇనప మూకుడు ఎత్తాడు. మీ బావ నేల మీద చెంప ఆనించి, "ఎవరు బాబూ మీరు? నన్నెవరనుకుంటున్నారు?" అని అడుగుతున్నారు. అప్పుడు కూడా బాబూ అనే అన్నారు. మొదటి దెబ్బకి అరిచారు. రెండో దెబ్బకి నావైపు చూసి, "లోపలికెళ్ళు, నువ్వు చూడకు" అన్నారు. మూడో దెబ్బకి మాట రాలేదు. నేను కట్టు కట్టిన చేత్తోనే మీసాలాయన తల మీద కొట్టాను. కట్టు పగిలింది, లోపల ఎముక మళ్ళీ కదిలింది, నాకు తెలియలేదు. "ఆయన కాదు, ఆయన కాదు" అని అరుస్తుంటే మీసాలాయన ఏమన్నాడో విను. "ఆడవాళ్ళందరూ అదే అంటారమ్మా. మీ తమ్ముడు ముందే చెప్పాడు" అన్నాడు.

తొట్టెలో నీళ్ళు ఎర్రగా అయిపోయాయి. ఆ గిన్నెలన్నీ మళ్ళీ నేనే కడిగాను.

ఇప్పుడు నా చెయ్యి ఎలా విరిగిందో విను. అద్దాల కొట్టు వాళ్ళు ఒక రోజు చక్కెర సగం ధరకి పెట్టారు. నేను కొని తిరిగొస్తూ, బట్టతలాయన గుమ్మంలో ఆగి, "ఇవాళ మీరు కొట్టు మూసుకోవచ్చు, అక్కడ సగానికే పోస్తున్నారు" అన్నాను. నవ్వుతూనే అన్నాను. ఆయన త్రాసు మీది రెండు కిలోల రాయి తీసుకుని చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాడు. నేను వెనకాలే పరిగెత్తాను, ఆపుదామని. కొట్టు ముందు జనం. నేను ముందుకి దూరి చెయ్యి అడ్డం పెట్టేసరికి ఆయన రాయి విసిరాడు. అది వాళ్ళకి తగల్లేదు, నా మణికట్టుకి తగిలింది. ఆ కేకకి అందరూ నావైపు తిరిగారు. అప్పుడే అన్నదమ్ముల్లో పెద్దవాడు బస్తాలు లాగే కొక్కెంతో దిగి, బట్టతలాయన తొడలో గుచ్చి లాగాడు. గోనె చిరిగినట్టు చిరిగింది. ఆయన కింద కూర్చుని, రెండు చేతులతో ఆ గాయాన్ని మూసుకుంటూ, "నా కొట్టు, నా కొట్టు" అన్నాడు. పెద్దవాణ్ణి పోలీసులు తీసుకెళ్ళారు. బట్టతలాయన బతికాడు గానీ ఆ కాలు ఇక కాలు కాదు.

నేను ఆడుతూ పాడుతూ ఆ కొట్టు మాట ఈ కొట్లో, ఈ కొట్టు మాట ఆ కొట్లో చెప్పాను. నువ్వు గోడౌన్ ధర రాసి పంపావు. "కొట్టుకు చావనీ, మనకేం" అన్నావు. తప్పు నాదే అని రాసింది దానికి. వద్దు వద్దు అని మీ బావ మొత్తుకున్నా వినలేదు కాబట్టి ఆయన ముఖం చూడలేక మాటలు మానేశాను. మానేసింది నేను, ఆయన కాదు.

అడగొద్దని రాసింది నేనే, అయినా ఒక్క ఉత్తరం రాసి అడిగి ఉంటే చెప్పేదాన్ని. నువ్వు అడగలేదు. నాన్న కూడా అమ్మని కొట్టేముందు ఎప్పుడూ ఏమీ అడగలేదు. నీకు గుర్తులేదేమో, నాకుంది.

ఇంక నాకు ఉత్తరం రాయకు.


ఆగస్టు 12

అక్కా,

రాయొద్దన్నావు. రాయకుండా ఉండలేను.

నీ ఉత్తరం డిపోలో బల్ల దగ్గర నిలబడే చదివాను. చదివి నేరుగా వెళ్ళి మీసాలాయన్ని పట్టుకున్నాను. "కాదని అరుస్తుంటే ఎందుకు ఆగలేదు?" అన్నాను. "నువ్వు చెప్పిందే చేశాం కదరా" అన్నాడు. ఆ మాటకి వాడి పళ్ళు రాలగొట్టాను. నలుగురు వచ్చి లాగితే గానీ వదల్లేదు. డిపో మేనేజరు నన్ను బండి దింపేశాడు. మంచిదే అయింది.

నేను పోలీస్ స్టేషన్‌కి వెళ్తాను. నేనే పంపానని చెప్తాను. లేదంటే బావ కాళ్ళ మీద పడతాను. ఏదో ఒకటి చెప్పక్కా. నువ్వు చెప్పకపోతే నాకు ఏం చెయ్యాలో తోచట్లేదు. కళ్ళు మూస్తే ఆ పెరడే కనపడుతోంది. నేను ఎప్పుడూ చూడని పెరడు.

బావ చెయ్యి ఎలా ఉంది?

తమ్ముడు


సెప్టెంబర్ 1

తమ్ముడికి,

రాయకూడదనే అనుకున్నాను. మీ బావ రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

జరిగింది రాసి పంపితే ఇంకొకడి పళ్ళు రాలగొట్టి, అది నాకు ప్రసాదంలా రాసి పంపుతావా? ఎవరి నోట్లో నెత్తురొస్తే నా ఇంట్లో నెత్తురు పోతుంది?

ఆయన చేతి ఎముకలు అతికాయి. చూపుడు వేలు, దాని పక్క వేలు ఇక మడవలేరు. గడియారంలో తల వెంట్రుకంత తీగ ఉంటుందట, దాన్ని ఆ రెండు వేళ్ళతోనే పట్టుకోవాలి. బాగుచేయడానికి ఇచ్చిన గడియారాలు జనం వెనక్కి తీసుకెళ్ళిపోతున్నారు. ఆయన రోజూ కొట్టు తెరిచి, పాత గోడ గడియారం ఒకటి విప్పి, ఎడమ చేత్తో బిగించడం నేర్చుకుంటున్నారు. మరలు చేతిలోంచి జారి నేల మీద దొర్లుతుంటే మోకాళ్ళ మీద వెతుక్కుంటారు. నేను వెళ్ళి వెతకబోతే వద్దంటారు.

ఆసుపత్రి నుంచి కబురందితే పోలీసాయన ఇంటికొచ్చాడు. "ఎవరు కొట్టారు?" అని అడిగాడు. మీ బావ "మెట్ల మీంచి పడ్డాను" అన్నారు. ఆ పోలీసాయన ఇల్లంతా తిరిగి చూశాడు. మా ఇంట్లో మెట్లే లేవు. నా చేతి కట్టు వైపూ చూశాడు, మీ బావ వైపూ చూశాడు, ఏమనుకున్నాడో రాసుకుని వెళ్ళిపోయాడు. తర్వాత నేను "ఎందుకు చెప్పలేదు?" అని ఏడిస్తే, "వాణ్ణి జైల్లో పెడితే నీకు తమ్ముడు ఉండడు, నాకు వేళ్ళు రావు" అన్నారు. నాకైతే నిన్ను జైల్లో పెడితే బావుండుననిపించింది. ఇప్పటికీ కొన్ని రోజులు అనిపిస్తుంది.

బట్టతలాయన కొట్టు మూతపడింది. అద్దాల కొట్లో ఇప్పుడు చిన్నవాడొక్కడే కూర్చుంటున్నాడు. పోటీ లేదు కదా, వాడు నోటికొచ్చిందే ధర. మేమంతా కలిసి పోగేసుకున్న చవక రెండు నెలలు కూడా నిలవలేదు. మిల్లు వాళ్ళలో ఇద్దరు మానేశారు. మిగతావాళ్ళకోసం మళ్ళీ నాలుగు కొట్లూ తిరగక తప్పట్లేదు. పప్పులకి ఇప్పుడు పట్టాల అవతల కొత్త కొట్టు చూసుకున్నాం. ఇప్పుడు తిరిగేది మీ బావ. నా మణికట్టు బరువు ఓర్చుకోదు.

మీ బావ నిన్ను ఒకసారి రమ్మంటున్నారు. నేను అనట్లేదు. వస్తే గడియారాల కొట్టుకి రా. ఇంటికి రావద్దు. నిన్ను చూస్తే నేనేం చేస్తానో నాకు తెలియదు.

అక్క


సెప్టెంబర్ 19

అక్కా,

వచ్చాను. బావ చెప్పే ఉంటాడు. అయినా నేను చెప్పుకోవాలి.

కొట్టు బయట చాలాసేపు నిలబడ్డాను. బావే చూసి, "ఎండలో ఎందుకురా, లోపలికి రా" అన్నాడు. స్టూలు జరిపాడు. చెయ్యి చూశాను. నా కుడి చెయ్యి ఆయన బల్ల మీద పరిచాను. పక్కనే చిన్న సుత్తి ఉంది. "కొట్టు బావా" అన్నాను. "నువ్వు కొట్టకపోతే నేను బతకలేను."

బావ సుత్తి తీసి సొరుగులో పెట్టేశాడు. "నాకు కొట్టడం చేతకాదురా" అన్నాడు. "చేతనైతే ఆ రోజు వాళ్ళనే కొట్టేవాణ్ణి కదా."

నేను ఏడ్చాను. ఆయన ఏడవనిచ్చాడు. ఓదార్చలేదు. నిన్ను క్షమించానని కూడా అనలేదు. కాసేపటికి గోడకున్న సంచులు రెండు తీసి నా ముందు పెట్టాడు. "ఎడమ చేత్తో మొయ్యలేకపోతున్నాను. ఇవాళ నువ్వెళ్ళు. మీ అక్క ఎక్కడ ఏం కొంటుందో చెప్తాను. గుమ్మం దాకా మోసి అక్కడ పెట్టి వచ్చెయ్యి. పిలవకు" అన్నాడు.

వెళ్ళాను. లారీలో కొన్ని వందల బస్తాలు మోసుకొచ్చినవాణ్ణి, ఒక్క ఇంటి సరుకు చేత్తో మోయడం ఇదే మొదటిసారి. బట్టతలాయన కొట్టు ముందు నుంచి వెళ్ళాను. షట్టరు దించి ఉంది, ఆయన అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చుని వచ్చేపోయేవాళ్ళ సంచుల వంక చూస్తున్నాడు. నా సంచుల వంక కూడా చూశాడు. అద్దాల కొట్లో ఆ చిన్నవాడు చక్కెర తూచి ధర చెప్పాడు. అన్యాయమైన ధర. వెనక గోడకి ఆ కొక్కెం ఇంకా వేలాడుతోంది. కడిగారో లేదో. నా పిడికిలి దానంతటదే బిగుసుకుంది. నా కళ్ళముందే బిగుసుకుంటుంటే భయమేసింది, అది నా చెయ్యి కాదన్నట్టు. జేబులో పెట్టుకున్నాను. అడిగింది ఇచ్చేసి బయటికొచ్చాను.

గుడ్లావిడ నన్ను చూసి, "నీ ముఖం ధరలమ్మ ముఖంలా ఉందే" అంది. నేను గుడ్లు సంచిలో పెట్టుకుని కదిలాను. పట్టాలు దాటి పప్పు, ఉల్లిపాయలు తీసుకుని మీ గుమ్మానికి వచ్చేసరికి చేతులు కోసుకుపోయాయి. లోపల నువ్వు అన్నం వారుస్తున్నట్టున్నావు, గంజి వాసన వస్తోంది. సంచులు పెట్టి, కాసేపు నిలబడి, పిలవకుండా వచ్చేశాను.

డిపోలో బండి ఇక ఇవ్వరు. మీ ఊళ్ళో మిల్లులో పెట్టెలు ఎత్తే పని ఖాళీ ఉందని విన్నాను. నువ్వు వద్దంటే రాను.

తమ్ముడు


సెప్టెంబర్ 23

తమ్ముడికి,

సంచులు చూశాను. పప్పు మంచిది తెచ్చావు. చక్కెరకి వాడు నీ దగ్గర ఎక్కువే లాగాడు, పోనీ.

ఉల్లిపాయల దగ్గర మాత్రం మోసపోయావు. పైవరసే గట్టివి. అడుగున చేతికి అంటుకునేంత కుళ్ళు. సగం పారబోశాను. మిల్లులో పని సంగతి నీ ఇష్టం, నన్ను అడగకు. మళ్ళీ సరుకు తెచ్చేటప్పుడు బస్తాలో అడుగుదాకా చెయ్యి పెట్టి, తీసి చూసి కొను. అమ్మేవాడు అరుస్తాడు, అరవనీ. వాడి మీద చెయ్యి మాత్రం చేసుకోకు.

అక్క